సింగరేణి సమ్మెకీ బెజవాడ కరెంటుకీ ఏంటి సంబంధం?

బెజవాడలో బొగ్గు గని ఒక్కటీ లేదు, మరి తెలంగాణలోని సింగరేణి బొగ్గు గనుల్లో సమ్మె అంటే ఇక్కడెందుకు టెన్షన్ అని అడిగారు.

ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ చూసే ఉంటారు. దానికి బొగ్గు ఒడిశాలోని తాల్చేరు నుంచీ, సింగరేణి నుంచీ వస్తుంది. 2011 సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. నెల రోజులకు పైగా గని కార్మికులు బాయిలోకి, అంటే గనిలోకి, దిగలేదు. బొగ్గు నిల్వలు పడిపోయి, ఇక్కడ కూడా కరెంటు కోతలు. జీతం కోసం కాదు, రాష్ట్రం కోసం చేసిన సమ్మె అది. అదే అసలు విశేషం.

సంబంధం పాతదే. నిజాం రైలు మార్గం 1889లో బెజవాడ చేరింది. సింగరేణి గనులు మొదలైన ఇల్లెందు నుంచి బొగ్గును బయటికి తేవడం ఆ లైను వేయడానికి ఒక ముఖ్య కారణం.

ఇక సింగరేణి కార్మిక సంఘాల సంగతి. ఒకప్పుడు అక్కడ లెక్కలేనన్ని సంఘాలు, చీటికీమాటికీ సమ్మెలు. 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘాన్ని, అంటే కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే సంఘాన్ని, ఎన్నుకుంటున్నారు. తొలిసారి గెలిచింది కమ్యూనిస్టుల ఏఐటీయూసీ. ఉద్యమ ఊపులో 2012లో, తర్వాత 2017లో టీఆర్‌ఎస్ అనుబంధ తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం గెలిచింది. 2017లో ప్రచారమంతా వారసత్వ ఉద్యోగాల చుట్టూనే. బాయి పని చేసే తండ్రికి కొడుకు ఉద్యోగం కన్నా పెద్ద హామీ ఏముంటుంది? 2023 డిసెంబరులో మళ్లీ ఏఐటీయూసీ. అంతకు నెలలోపు ముందే ఫలితాలొచ్చిన అసెంబ్లీ ఎన్నికల్లో అధికారం కాంగ్రెస్‌కి వచ్చింది, అయినా ఆ పార్టీ ఐఎన్‌టీయూసీ గెలవలేదు.

1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేలకు అటూ ఇటూ. పైనుంచే నేల తవ్వే ఓపెన్‌కాస్టు గనుల్లో పని యంత్రాలది కదా.