పెరటి మంట గోడ దాకా వచ్చిందా? పెయింటర్ని తర్వాత పిలుద్దురు గాని

"పెరట్లో చెత్తకి పెట్టిన మంట ఎగబాకి వెనక గోడ, కిటికీ కాలాయి. కడిగి రంగు వేయిస్తే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదు. కరెంటు మెయిన్ ఇంకా ఆన్‌లో ఉంటే ఇది చదవడం ఆపి ముందు వెళ్ళి ఆఫ్ చేసి రండి.

మాది ప్రకాశం జిల్లా, సింగరాయకొండ దగ్గర పల్లె. రోహిణి కార్తెలో పక్కింటి మామ కొబ్బరి మట్టలు, రాలిన ఆకు పోగేసి అంటించాడు. ఆయన్ని అనడానికీ లేదు. మా వీధిలోకి చెత్త బండి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, వచ్చినా మట్టలు ఎక్కించుకోరు. ఊరంతా కాల్చేవాళ్ళే. సాయంత్రం సముద్రపు గాలి తిరిగేసరికి మా తాటాకు దడి అంటుకుంది. దడి నుంచి గోడవార పేర్చుకున్న సరుగుడు కట్టెలకి పాకింది. ఆ పైనే సన్‌షేడ్, పక్కనే వంటింటి కిటికీ. అందరం అరుస్తుంటే బుర్ర పనిచేసింది మా అమ్మకొక్కదానికే. రెగ్యులేటర్ తీసేసి సిలిండర్ని వీధిలోకి దొర్లించింది. 101కి ఫోన్ చేశాం. బండి వచ్చేలోపే ఊళ్ళోవాళ్ళు బిందెలతో చాలావరకు ఆర్పేశారు.

అసలు కథ మర్నాడు. మా పెదనాన్న కొడుకు పొద్దున్నే సున్నం బకెట్‌తో దిగాడు. "చూడ్డానికి జనం వస్తారు, ఈ మసేందిరా అసహ్యంగా, ఒక కోటింగు కొట్టేద్దాం" అని ఒకటే గోల. జనం రానే వచ్చారు. దిష్టి అన్నవాళ్ళు, వాస్తు అన్నవాళ్ళు, శాంతి చేయించమన్నవాళ్ళు. బకెట్ పట్టుకున్నవాడు ఒక్కడు లేడు గానీ అందరికీ కాఫీలు కావాలి, ఫ్యాన్లు కావాలి. "ఉక్కపోసి చస్తన్నాం, ఆ మెయిన్ ఎయ్యి అబ్బయ్యా" అని నా మీద పడ్డారు.

ఈలోగా ఒంగోలు నుంచి తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వంటింట్లో స్విచ్‌బోర్డు చెక్కుచెదరలేదు, దాని చుట్టూ రంగు కూడా మాడలేదు. బాగానే ఉందిగా అన్నాను. ఆయన పలక్కుండా స్క్రూలు విప్పి, బయట మోటారుకి వెళ్ళే వైరు పట్టుకుని లాగాడు. కదల్లేదు. కటింగ్ ప్లేయర్‌తో పట్టి గుంజితే ఎరుపు, నలుపు, పచ్చ వైర్లు మూడూ కరిగి అతుక్కుపోయి ఒకే ముద్దగా వచ్చాయి. మధ్యలో రాగి తీగ బయటపడి మెరుస్తోంది. ఇళ్ళలో వాడే మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారయ్యేది, కట్టెల మంట పక్కన అదెంత? "మెయిన్ ఏసుంటే ఫైరింజన్ని మళ్ళీ పిలిచేవోళ్ళన్నా" అన్నాడు. ఫ్యాన్ అడిగిన పెద్దమనుషులు ఆ తర్వాత ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు.

తర్వాత మేస్త్రీ. సన్‌షేడ్‌ని సుత్తితో తట్టుకుంటూ పోయాడు. కిటికీ మీదకి వచ్చేసరికి డొల్ల మోత. చిన్నగా కొడితే పెచ్చు ఊడి, లోపల కాంక్రీటు లేత గులాబీ రంగులో కనపడింది. ఆ రంగు తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలినట్టే, కాంక్రీటు బలం తగ్గడం మొదలయ్యేదీ అక్కడినుంచే. మేము ఆ ముక్క కొట్టేసి కొత్తగా పోయించుకున్నాం. మీ శ్లాబు అడుగున పెచ్చులూడి కడ్డీలు కనపడుతుంటే మేస్త్రీ మాట చాలదు, ఇంజనీరుకి చూపించండి.

మసి మీద నీళ్ళు కొట్టొద్దు, ఇంకా లోపలికి ఇంకుతుంది. ముందు పొడి బ్రష్‌తో దులపాలి, ఆ తర్వాతే సబ్బు నీళ్ళు, ఆరాక ఆయిల్ ప్రైమర్. మా అన్న సున్నం మా మాట వినకుండా ఒక మూల కొట్టాడు లెండి, వానలకి అక్కడ పసుపు చారలు దిగాయి.

అయితే దులపడానికి ముందే ఫోటోలు తీయండి, లోపలా బయటా. ఫైర్ వాళ్ళ దగ్గర రిపోర్టుకి అర్జీ పెట్టండి, వీఆర్వోకీ చెప్పండి. హోమ్ లోన్ ఉంటే బ్యాంకు ఇన్సూరెన్స్ కట్టించే ఉంటుంది, మనం చూసుకోం, అంతే. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో అగ్నిప్రమాదం ఉంది. బిల్డింగుకి తీసుకుంటే, వద్దని రాసివ్వకపోతే, ఇంట్లో సామానుకి కూడా బిల్డింగ్ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా కవర్ ఉంటుంది. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి చూసేదాకా కాలిన కిటికీ రెక్క కూడా పారేయొద్దు.

పక్కింటి మామ మీద కేసు పెట్టమని మాకు చెప్పినవాళ్ళు చాలామందే. ఆయనే ఇటుకలు తోలించి, దడి ఉన్నచోట గోడ కట్టించాడు. మీ పక్కింటివాళ్ళు ఎలాంటివాళ్ళో మీకే తెలియాలి.

వైరింగ్ తేలేదాకా ఆరుబయట మంచాలు వేసుకోండి, మేమూ అదే చేశాం. దోమతెర మాత్రం మర్చిపోవద్దు.