ఇనుము అతికిన చేతికి అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీల్ ఎందుకు లొంగవు?

ఇనుప గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో టిగ్ మిషన్ (టంగ్‌స్టన్ కడ్డీతో, ఆర్గాన్ వాయువు రక్షణలో అతికే వెల్డింగ్ యంత్రం) పెట్టుకుని అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీల్ పనులు కూడా పట్టవచ్చా, అవి ఎందుకంత కష్టం అని మీరు అడిగారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో మరమ్మతులు, నల్లగొండ చుట్టుపక్కల పాల ట్యాంకుల పనులు చేస్తున్న అనుభవంతో సమాధానం ఇస్తున్నాను. ఈ రెండు లోహాలనూ ఒకే గాటన కట్టకూడదు. వేడి విషయంలో వాటి స్వభావాలు పూర్తిగా ఎదురెదురు.

అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది గానీ, దానిపై పాల మీద మీగడలా ఉండే ఆక్సైడ్ పొర 2,000 డిగ్రీలు దాటితే తప్ప కరగదు. అందుకే అసిటోన్‌తో జిడ్డు తుడిచి, వేరే లోహానికి వాడని స్టెయిన్‌లెస్ బ్రష్‌తో రుద్ది, ఏసీ కరెంటుతో అతకాలి. ఆ కరెంటు ఒక దిశలో పారినప్పుడు పొర చెదురుతుంది, మరో దిశలో పారినప్పుడు లోహంలోకి వేడి దిగుతుంది. పైగా ఇది ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి జారిపోతుంది.

స్టెయిన్‌లెస్ స్టీల్ కరగడానికి మొరాయించదు, తరువాత ఇబ్బంది పెడుతుంది. అందులో ఎక్కువగా వాడే 304 రకం వేడిని మామూలు ఇనుములో మూడో వంతు మాత్రమే పక్కకు పాకనిస్తుంది, వ్యాకోచం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు. వేడంతా ఒకేచోట నిలిచి రేకు వంకర తిరుగుతుంది. 425 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే అందులోని క్రోమియం కార్బన్‌తో కలిసిపోయి, తుప్పును ఆపే శక్తి అతుకు పక్కనే తగ్గుతుంది. వడ్ల సీజన్‌లో మిల్లు యజమాని నెత్తిమీద నిలబడి తొందరపెట్టినా సరే, ఆంపియర్లు పెంచకుండా దగ్గర దగ్గరగా ట్యాకులు (ముక్కలను కదలకుండా పట్టి ఉంచే చిన్న అతుకులు) వేసి, చల్లారనిస్తూ, 308ఎల్ ఫిల్లర్‌తో (అతుకులో కరిగించి నింపే కడ్డీతో) చిన్న చిన్న ముక్కలుగా అతకడమే మేలు. పాలు పారే పైపులకైతే లోపల కూడా ఆర్గాన్ నింపాలి. లేకపోతే అతుకు వెనుక నల్లగా, గరుకుగా పొక్కి, ఎంత కడిగినా పాల జిడ్డు అక్కడే పేరుకుంటుంది. ఇనుముకు వాడిన గ్రైండింగ్ డిస్క్‌ను దీనికి తగిలించవద్దు. అంటుకున్న ఇనుప రజను నాలుగు వానలు పడగానే తుప్పు మరకలుగా తేలితే, రేలింగ్ పైపే నాసిరకమని తగువు మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ అతికేటప్పుడు వచ్చే పొగలో ప్రమాదకరమైన క్రోమియం ఉంటుంది కనుక మాస్కు, గాలి ఆడే చోటు తప్పనిసరి.

అల్యూమినియం, స్టెయిన్‌లెస్ రెండింటినీ ఒకదానికొకటి నేరుగా అతకమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. అతుకు పెళుసుబారి విరుగుతుంది. మధ్యలో రబ్బరు వాషర్ పెట్టి బోల్టులు బిగించండి.

మన వైపు రేలింగులు, ట్యాంకులు, హాస్టల్ వంటపాత్రల పనులే ఎక్కువ కాబట్టి ముందు ఒకే దిశలో కరెంటు ఇచ్చే డీసీ టిగ్ చాలు. అల్యూమినియం పనులు నెలనెలా వస్తాయని తేలిన తరువాతే, ఖరీదు ఎక్కువైన ఏసీ-డీసీ మిషన్ గురించి ఆలోచించండి.