బుట్టల నిండా ఈగలు పడుతున్నా మామిడికాయలో పురుగు ఎందుకు ఆగడం లేదు?

అన్నా, పండు ఈగలను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు నిండుతున్నాయి, అయినా కాయ కోస్తే పురుగే కనిపిస్తోందని రాశారు. బుట్టలోంచి ఒక ఈగను అరచేతిలో వేసుకుని దాని పొట్ట చివర చూడండి. గుండ్రంగా ఉంటే మగది. ఆడదానికి అక్కడ సూది మొన ఉంటుంది, తొక్కను గుచ్చి గుడ్లు పెట్టేది దానితోనే. మొన ఉన్నవి మీ బుట్టలో దాదాపు దొరకవు. బుట్టలో ఎరగా పెట్టే మిథైల్ యూజినాల్ వాసనకు వచ్చేవి మగ ఈగలే.

బుట్టలో పడకుండా మిగిలిన కొద్దిపాటి మగ ఈగలు చాలా ఆడ ఈగలతో జతకడతాయి. పక్క తోటలో జతకట్టినవీ మీ దగ్గరికే వస్తాయి. 1960లలో పసిఫిక్ సముద్రంలోని రోటా దీవిలో ఈ ఎరతోనే పండు ఈగను పూర్తిగా తుడిచిపెట్టారు. అది చుట్టూ నీళ్లున్న దీవి. మా నార్పల వైపు తోటకూ తోటకూ మధ్య అడ్డం ఒక్క గట్టే.

అందుకే ఆడ ఈగ తిండి మీద దెబ్బ కొట్టాలని నేను గట్టిగా చెబుతాను. పురుగు ఈగగా మారే కోశం నుంచి బయటికి వచ్చేటప్పటికి దాని కడుపులో గుడ్లు తయారై ఉండవు. తీపి దొరికితే బతుకుతుంది, ఎగురుతుంది, అంతే. గుడ్లు బాగా కట్టాలంటే మాంసకృత్తులు తినాలి. పిట్టల రెట్టలు, ఆకుల మీది ఈస్టు, సూక్ష్మజీవులు దానికి ఆ తిండి. గుడ్లు పెట్టే దశకు రావడానికి వారం, పది రోజులు పడుతుంది. అన్ని రోజులూ అది ఆకలితో తోటంతా తిరుగుతుంది. మా తోటలో తేనెమంచు పురుగు పట్టిన చెట్ల ఆకులు బంకతో మెరుస్తుంటాయి, ఈగలు వాటిపై వాలి మూతి ఆనించి నాకుతుంటాయి. ఆ బంక మీద మసి పట్టిన చెట్లను ముందు చూసుకోమని అందరికీ చెప్పేది అందుకే.

ప్రోటీన్ హైడ్రోలైసేట్‌లో, అంటే మాంసకృత్తులను విడగొట్టి చేసిన పదార్థంలో, పురుగుమందు కలిపిన ఎరను హవాయిలో 1950లలోనే వాడారు. చెట్టంతా తడపనక్కర లేదు. కాయలకు తగలకుండా, కింది ఆకుల మీద అక్కడక్కడ చల్లితే చాలు. ఒట్టి బెల్లం నీళ్లు దీనికి సాటిరావు. కాయ పక్వానికి రాకముందే మొదలుపెట్టండి, వాన పడితే మళ్లీ చల్లండి. గట్టు మీద జామ ఉంటే దానికీ చల్లాలి, పండు ఈగకు జామ మరీ ఇష్టం. ఏ మందు, ఎంత మోతాదు అన్నది రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. బుట్టలు తీసేయకండి. రాలిన కాయలను మాత్రం ఏ రోజువి ఆ రోజే ఏరి లోతుగా పూడ్చండి, పక్క తోటల వాళ్లతోనూ ఆ పని చేయించండి.