పాపాలను నెమరువేసుకోవచ్చా?

సందేహం: సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఇలా రాసుకున్నాను: “నా పాపపు గతాన్ని నెమరువేసుకున్నప్పుడల్లా నాకు దొరికిన పాపాల రక్షణ ఎంత గొప్పదో తెలుస్తుంది. నేను పాపిగా ఉన్నాను, యేసు నన్ను రక్షించాడు.” ఇందులో తప్పులున్నాయని మా సంఘపెద్ద అన్నారు. ఏవి? – ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: అసలు చిక్కు ‘నెమరు’తోనే. ఆవు మేసిన మేతను తీరిగ్గా నోట్లోకి తెచ్చుకుని మళ్లీ నములుతుంది. అందుకే ఆ మాటకు తీరికా రుచీ అంటుకున్నాయి. చిన్ననాటి ముచ్చట్లు నెమరువేసుకుంటాం. పాపాలను నెమరువేసుకున్నానంటే వాటి మీద మోజు ఇంకా తీరలేదనిపిస్తుంది.

‘గుర్తుకు రావడం’ మన ప్రమేయం లేకుండా జరిగేది. ‘జ్ఞాపకం చేసుకోవడం’ పూనుకుని చేసే పని. బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో, మునుపు క్రీస్తుకు దూరంగా ఉన్న సంగతిని “జ్ఞాపకము చేసికొనుడి” అని ఆజ్ఞ ఉంది. పూనుకుని చేసే పనికే ఆజ్ఞ పొసగుతుంది. “గుర్తుకు రండి” అని ఎవరికీ చెప్పలేం కదా! పైగా ‘జ్ఞాపకం’ అంటే సంస్కృతంలో ‘తెలియజేసేది’. పాత బతుకును తలుచుకుంటే రక్షణ విలువ తెలుస్తుందనే మీ భావానికి ఇంతకన్నా అతికే మాట లేదు.

హెబ్రీ పత్రికలో దేవుడు తన ప్రజల పాపాలను ఇక ఎన్నడూ “జ్ఞాపకము చేసికొనను” అంటాడు. దీన్ని చాలామంది “దేవుడు మరచిపోయాడు” అని చెప్పేస్తుంటారు. మరుపు తెలియకుండా వచ్చేది, జ్ఞాపకం చేసుకోకపోవడం తెలిసి మానుకునేది. సాక్ష్యంలో ఈ తేడా పోనివ్వకండి.

‘పాపాల రక్షణ’ మాత్రం పచ్చి తప్పు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరివారు మీరు. తీర రక్షణ అంటే తీరాన్ని కాపాడటమని మీకు వేరే చెప్పాలా? ఆ లెక్కన పాపాల రక్షణ అంటే పాపాలను కాపాడటమే! ‘పాపాల నుండి రక్షణ’ అనండి. ‘పాపపు గతం’లో వ్యాకరణ దోషం లేదు, అది పుంప్వాదేశమే, అంటే సమాసంలో ‘ము’ పోయి ‘పు’ రావడం. కానీ నోటికి ‘పాత బతుకు’ హాయిగా ఉంటుంది.

ఇక ‘పాపిగా ఉన్నాను’. ‘ఉన్నాను’ చూడటానికి భూతకాల రూపమే అయినా అర్థం వర్తమానం: “విశాఖలో ఉన్నాను” అంటే ఇప్పుడు ఉన్నానని. కాబట్టి వినేవారికి మీరింకా అలాగే ఉన్నారనిపిస్తుంది. గడిచిన స్థితికి ‘ఉండేవాణ్ణి’, స్త్రీ చెబితే ‘ఉండేదాన్ని’. కొరింథీయుల మొదటి పత్రికలోని “అట్టివారై యుంటిరి” దీనికి గ్రాంథిక రూపం. లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లో మీ ఊరికి వచ్చి సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. సంఘాల్లో నేటికీ చదివే పాత అనువాదం గ్రాంథికమే. చదివేటప్పుడు అది సరే, నోటితో చెప్పే సాక్ష్యంలో ‘యుంటిని’ ఎబ్బెట్టు.

‘నేను పాపిని’ అంటే వేరు. అందులో క్రియ లేదు, కాలమూ లేదు. పౌలు కూడా పాపులలో “నేను ప్రధానుడను” అన్నాడే గాని ‘ప్రధానుడనై యుంటిని’ అనలేదు. విడిచిపెట్టిన బతుకు గురించైతే ‘ఉండేవాణ్ణి’, నేటికీ కృపకు తగనివాణ్ణనే ఒప్పుకోలైతే ‘పాపిని’.

మీ వాక్యం ఇలా ఉండవచ్చు: “నా పాత బతుకును జ్ఞాపకం చేసుకున్నప్పుడల్లా, పాపాల నుండి నాకు దొరికిన రక్షణ ఎంత గొప్పదో తెలుస్తుంది. ఒకప్పుడు పాపంలోనే ఉండేవాణ్ణి, యేసు నన్ను రక్షించాడు.”