కూడలిలో కియోస్కు, చేతిలో ఫోను: పాఠకుల ప్రశ్నలు

బహిరంగ ప్రదేశాల్లో మొబైల్ ఫోన్లకు వేగంగా ఇంటర్నెట్ అందించే వైఫై కియోస్కుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నా ఫోనులో 4జీ ఉంది. అయినా సాయంత్రం వేళ రద్దీ కూడలిలో నిలబడితే వీడియో తిరుగుతూనే ఉంటుంది. పక్కనే ఉన్న కియోస్కు వైఫైకి మారగానే చక్కగా వస్తుంది. రెండూ గాలిలో వచ్చే సిగ్నళ్లే కదా, ఇంత తేడా ఎందుకు?

జవాబు: గాలిలో సిగ్నల్ ఎంత దూరం వెళ్లాలి, దాన్ని ఎంతమంది పంచుకోవాలి అన్న రెండు విషయాల్లోనే తేడా అంతా ఉంది. మొబైల్ టవరు వందల మీటర్ల నుంచి కొన్ని కిలోమీటర్ల మేర ఉన్న ఫోన్లన్నింటికీ సేవ చేయాలి. దానికి కేటాయించిన స్పెక్ట్రమ్‌కు (సిగ్నళ్లు వాడుకునే రేడియో తరంగాల మేరకు) ఒక హద్దు ఉంటుంది కాబట్టి, సాయంత్రం జనం పెరిగేకొద్దీ ఒక్కొక్కరి వాటా తరిగిపోతుంది. కియోస్కు వైఫై సాధారణంగా కొన్ని పదుల మీటర్లు దాటదు. మామూలుగా ఇది లోపంగా కనిపిస్తుంది గానీ, వేగానికి కారణం ఈ పరిమితే. అంత చిన్న వలయంలో ఉండే మనుషులు తక్కువ, దూరం తక్కువ కాబట్టి సిగ్నల్ బలంగా ఉంటుంది, అదే స్పెక్ట్రమ్‌ను నాలుగు వీధుల అవతల ఉన్న మరో కియోస్కు మళ్లీ వాడుకోగలదు.

అయితే అసలు సత్తువ కియోస్కు పాదం దగ్గర నేలలోంచి వచ్చే, డేటాను కాంతి రూపంలో మోసే ఫైబరు తీగలో ఉంది. న్యూయార్క్ నగరంలో పాత పబ్లిక్ టెలిఫోన్ల స్థానంలో 2016లో మొదలైన లింక్‌ఎన్‌వైసీ కియోస్కులు సెకనుకు గిగాబిట్ (వెయ్యి మెగాబిట్ల) వేగాన్ని ప్రకటించుకోగలిగాయంటే, వాటి వెనుక ఫైబరు ఉండటమే కారణం. అదే కియోస్కును ఒక సిమ్ కార్డుతో టవరుకు కలిపి నడిపితే మీ ఫోను నిలబడిన వరుసలోనే అదీ నిలబడుతుంది. మీకు ఒరిగేది ఏమీ ఉండదు. అందువల్ల ఎక్కడైనా కియోస్కు పెడుతున్నారని వింటే ముందు అడగవలసిన ప్రశ్న, దానికి ఏ తీగ వస్తోంది అన్నదే.

ప్రశ్న: కియోస్కు పక్కనే నిలబడినా, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా, వేగం మాత్రం నత్తనడకే. ఫోను చెడిపోయిందా?

జవాబు: ఫోను బాగానే ఉండి ఉంటుంది. ఆ గీతలు సిగ్నల్ బలాన్ని మాత్రమే చెబుతాయి, అక్కడి రద్దీని చెప్పవు. ఈ మధ్య ఒక రైల్వే స్టేషనులో నాకూ ఇదే ఎదురైంది. కియోస్కుకు రెండు అడుగుల దూరంలో నిలబడి వేగం పరీక్షిస్తే సెకనుకు పది మెగాబిట్లు కూడా దాటలేదు. సెట్టింగుల్లో ఆ నెట్‌వర్క్ వివరాలు తెరిచి చూస్తే ఫోను 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును (వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణుల్లో ఒకదాన్ని) పట్టుకుని ఉంది. ప్లాట్‌ఫారం మీదికి వచ్చేటప్పుడు, దూరంగా ఉండగానే ఫోను ఆ బ్యాండుకు అతుక్కుంది, దగ్గరికి వచ్చాక కూడా వదల్లేదు. వైఫైని ఒకసారి ఆపి మళ్లీ వేయగానే 5 గిగాహెర్ట్జ్‌కు మారింది. అదే చోట, అదే నిమిషంలో వేగం వంద మెగాబిట్లు దాటింది.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు ఎక్కువ దూరం వెళ్తుంది, గోడలను కొంత తట్టుకుంటుంది. కానీ అందులో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల చానళ్లు, అంటే విడివిడి దారులు, మూడే. బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ పొయ్యిలు కూడా ఆ బ్యాండులోనే సందడి చేస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చానళ్లు చాలా ఎక్కువ, అడ్డంకులను దాటే శక్తి తక్కువ. కనుక కియోస్కుకు ఎదురుగా, మధ్యలో మనుషులూ లోహపు పలకలూ అడ్డం లేకుండా నిలబడండి.

దీనికి తోడు మరో సంగతి ఉంది. ఒక చానల్లో ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. వలయం అంచున నిలబడి బలహీనమైన సిగ్నల్‌తో సినిమా దించుకుంటున్న ఒక్క ఫోను అదే డేటాకు మీకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఆ సమయం అందరి ఖాతాలోనూ పడుతుంది. వైఫై 6 ప్రమాణం ఒకే చానల్‌ను చిన్న ముక్కలుగా చేసి పలు ఫోన్లకు ఒకేసారి పంచే ఏర్పాటును తెచ్చింది. మీ ఫోనూ కియోస్కూ రెండూ ఆ ప్రమాణానివైతే రద్దీలో కొంత తేడా తెలుస్తుంది.

ప్రశ్న: కియోస్కు వైఫైకి కనెక్ట్ అయినట్టు చూపిస్తుంది, కానీ లాగిన్ పేజీ రాదు. ఏం చేయాలి?

జవాబు: కనెక్ట్ కాగానే ఫోను తనకు తెలిసిన ఒక చిన్న చిరునామాను అడిగి చూస్తుంది. ఆశించిన జవాబుకు బదులు వేరే పేజీ వస్తే, ఇక్కడ లాగిన్ అవసరమని గ్రహించి దాన్ని మీకు చూపిస్తుంది. మీరు వీపీఎన్ (నెట్ రాకపోకలను గోప్యంగా వేరే సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు) వేసి ఉంచినా, ప్రైవేట్ డీఎన్‌ఎస్ (సైటు పేరుకు చిరునామాను గోప్యంగా వెతికే సెట్టింగు) పెట్టుకున్నా ఈ పరీక్ష మధ్యలో తెగిపోవచ్చు. ఆ రెండింటినీ కాసేపు ఆపి, వైఫైని మళ్లీ కలిపి, లాగిన్ పూర్తయ్యాక తిరిగి వేసుకోండి.

ప్రశ్న: ఇలాంటి చోట బ్యాంకు పనులు చేయవద్దని మా అబ్బాయి గట్టిగా చెబుతాడు. నిజంగా అంత ప్రమాదమా?

జవాబు: మీ అబ్బాయి జాగ్రత్త మంచిదే, కానీ భయం ఎక్కడ ఉండాలో తెలుసుకోవడం ఇంకా మంచిది. పాస్‌వర్డ్ లేని పాతకాలపు వైఫైలో గాలిలో వెళ్లే సమాచారానికి ఏ తాళమూ ఉండదు. అయితే ఇప్పుడు బ్యాంకు యాప్‌లూ చాలా వెబ్‌సైట్లూ ఫోను నుంచి తమ సర్వర్ దాకా సొంత తాళం వేసుకునే ప్రయాణిస్తాయి. పక్కన కూర్చుని వినేవాడికి మీరు ఏ సైటుకు వెళ్లారో తెలియవచ్చు గానీ, ఏమి టైపు చేశారో తెలియదు.

అసలు మోసం నెట్‌వర్క్ పేరు దగ్గర జరుగుతుంది. కియోస్కు నెట్‌వర్క్‌కు ఏ పేరు ఉందో అదే పేరుతో ఎవరైనా చిన్న రౌటరు ఒకటి సంచిలో పెట్టుకుని కూర్చోవచ్చు. ఫోను పేరును చూసి నమ్ముతుంది, గతంలో ఒకసారి కలిసిన నెట్‌వర్క్ అయితే మిమ్మల్ని అడగకుండానే కలిసిపోతుంది. ఆ దొంగ రౌటరు మీకు నకిలీ లాగిన్ పేజీ చూపి ఈమెయిల్ పాస్‌వర్డో కార్డు నంబరో అడుగుతుంది. కియోస్కు లాగిన్‌కు ఫోను నంబరు, దానికి వచ్చే ఓటీపీ మించి ఎవరూ అడగనక్కరలేదు. అంతకు మించి అడిగితే అక్కడే ఆపేయండి. సైటు అసలుదేనని రుజువు చేసే సర్టిఫికెట్ సరిగా లేదని బ్రౌజరు హెచ్చరిస్తే, ఎంత తొందరలో ఉన్నా దాన్ని దాటి ముందుకు వెళ్లవద్దు. పని అయ్యాక ఆ నెట్‌వర్క్‌ను ఫోను జ్ఞాపకంలోంచి తొలగించండి.

నిర్వాహకులు తలచుకుంటే ఈ బెడద చాలావరకు పోతుంది. పాస్‌వర్డ్ అడగకుండానే ప్రతి ఫోనుకూ విడిగా తాళం వేసే పద్ధతిని వైఫై ప్రమాణాలను చూసే సంస్థల వేదిక వైఫై కూటమి 2018లో ప్రకటించింది. పాస్‌పాయింట్ అనే మరో పద్ధతిలో ఫోను ఒక సర్టిఫికెట్ ద్వారా కియోస్కు అసలుదేనని సరిచూసుకుని, లాగిన్ పేజీ లేకుండానే కలుస్తుంది. లింక్‌ఎన్‌వైసీ తన మామూలు నెట్‌వర్క్ పక్కనే ఇలా తాళం ఉన్న రెండో నెట్‌వర్క్‌ను కూడా ఇచ్చింది. మీ దగ్గర అలాంటిది కనిపిస్తే దాన్నే ఎంచుకోండి.

ప్రశ్న: ఫోనును కియోస్కుకు దగ్గరగా పెడితే సినిమా మొత్తం కొన్ని సెకన్లలో వచ్చేస్తుందని చదివాను. సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. సోనీ 2008లో ప్రకటించిన ట్రాన్స్‌ఫర్‌జెట్ అనే దగ్గరి రేడియో పద్ధతి కొన్ని సెంటీమీటర్ల దూరంలో సెకనుకు సుమారు 375 మెగాబిట్ల అసలు వేగం ఇవ్వగలదు. 2 గిగాబైట్ల సినిమా అంటే 16 గిగాబిట్లు కాబట్టి, ఆ లెక్కన ముప్పావు నిమిషం చాలు. 20 మెగాబిట్ల మొబైల్ కనెక్షన్ మీద అదే సినిమాకు 13 నిమిషాలకు పైగా పడుతుంది. తరువాత 60 గిగాహెర్ట్జ్ బ్యాండులో వచ్చిన వైగిగ్ సిద్ధాంతరీత్యా 7 గిగాబిట్ల దాకా వెళ్లగలదు. ఆ తరంగాలకు చేయి అడ్డం పెట్టినా సిగ్నల్ పడిపోతుంది. అందుకే ఎదురెదురుగా, దగ్గరగా ఉండే కియోస్కు పనికి అవి బాగా సరిపోతాయి. ఈ దగ్గరి బదిలీ కోసమే 2017లో అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ ప్రమాణం ఒకటి కూడా వెలువడింది.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. ఆ సినిమా ముందే కియోస్కు డిస్కులో నిల్వ ఉండాలి. లేకపోతే వెనుక ఉన్న తీగ వేగమే మీ వేగం. రెండోది, ఈ రేడియోలు ఉన్న ఫోన్లు అరుదు. నా అభిప్రాయంలో ఆలోచన మాత్రం చాలా విలువైనది. ఇంట్లో కనెక్షన్ లేని విద్యార్థి దారిలో రెండు నిమిషాలు ఆగి వారానికి సరిపడా పాఠాల వీడియోలు ఫోనులో నింపుకోగలిగితే, రాత్రి చదువుకు నెట్ లేకపోయినా ఇబ్బంది ఉండదు. ఇందుకు కొత్త రేడియోలే అక్కరలేదు. ఆ పాఠాలను కియోస్కులో ముందే నిల్వ చేసి ఉంచితే మంచి 5 గిగాహెర్ట్జ్ వైఫైతో ఈ రోజే చేయవచ్చు.

ప్రశ్న: మా కాలనీ సంఘం తరఫున కూడలిలో ఒక కియోస్కు పెట్టించాలని అనుకుంటున్నాము. ప్రకటనల ఆదాయంతో ఖర్చు వెళ్లిపోతుందని ఒక సంస్థ చెబుతోంది. నమ్మవచ్చా?

జవాబు: పూర్తిగా ఆ ఆదాయం మీదే ఆధారపడవద్దు. న్యూయార్క్ పథకం మొదట 7,500 కియోస్కులు లక్ష్యంగా పెట్టుకుంది. ప్రకటనల రాబడి అనుకున్నంత రాక, రెండు వేలు కూడా చేరకముందే విస్తరణ ఆగింది. లండన్‌లో ఇదే తరహా కియోస్కులు నడిపిన ఇన్‌లింక్ సంస్థ 2019 చివర దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ప్రకటన కోసం కియోస్కు పెట్టేవారు తెర కనిపించే చోటు చూస్తారు, నెట్ అవసరమైన వారు ఉండే చోటు చూడరు. ఆ చోటును మీ సంఘమే నిర్ణయించాలని ఒప్పందంలో రాయించుకోండి.

వాడకందారుల సమాచారం విషయంలో మరింత పట్టుదలగా ఉండండి. ఎవరు ఎప్పుడు కనెక్ట్ అయ్యారన్న చిట్టాను చట్టం కోరినంత కాలానికి మించి ఉంచకూడదని, ప్రకటనకర్తలకు ఇవ్వకూడదని, కెమెరాలు ఉంటే ఆ సంగతి కియోస్కు మీదే కనిపించేలా రాయాలని షరతు పెట్టండి. న్యూయార్క్‌లోనూ పౌరహక్కుల సంఘం 2016లోనే ఇలాంటి అభ్యంతరాలు లేవనెత్తింది.

ఇంకొక్క మాట. న్యూయార్క్ కియోస్కుల్లో మొదట అందరూ వాడుకునేలా ఒక టాబ్లెట్‌లో బ్రౌజరు కూడా ఉండేది. కొందరు గంటల తరబడి కదలకపోవడం, అసభ్య దృశ్యాలు చూడటం వంటి ఫిర్యాదులు రావడంతో 2016 సెప్టెంబరులో దాన్ని తీసేశారు. నష్టపోయింది ఫోను లేనివారు. మీరు టాబ్లెట్ పెట్టదలిస్తే ఒక్కొక్కరికీ పావుగంట సమయం కేటాయించండి, చక్రాల కుర్చీలో వచ్చేవారికి అందే ఎత్తులో తెర ఉంచండి, నీడ ఉండేలా చూడండి. రోజూ ఒకసారి వెళ్లి అది పనిచేస్తోందో లేదో చూసే మనిషిని, పేరుతో సహా, మొదటి రోజే నియమించుకోండి.