శనివారం నేనూ వస్తాను

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అప్పా, గుంట సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తానంటోంది" అని ఒకటే ఏడుపు. నాకూ గుండె జల్లుమంది. కాసేపటికి గర్వంగానూ అనిపించింది. మా రోజుల్లో విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తితేనే జనం ముసిముసిగా నవ్వేవాళ్లు. డాక్టర్ దాకా వెళ్లడానికి నాకు రెండేళ్లు పట్టింది.

థైరాయిడ్, బీ12 పరీక్షలు రాస్తే చేయించుకో. అవి తగ్గినా మనిషి ఇలాగే డీలాపడుతుంది. కౌన్సెలింగ్‌కి రమ్మంటే మానకు. మాత్ర ఇస్తే రెండు నుంచి నాలుగు వారాల దాకా పెద్దగా తేడా తెలియదు, కంగారుపడకు.

నా భయమల్లా జబ్బు తగ్గాక ఏం చేస్తావోనని.

2014 వేసవిలో నాకు డిప్రెషన్‌కి మాత్రలు మొదలుపెట్టారు. దసరా నాటికి తేరుకున్నాను. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, వీధి నిండా కూలిన చెట్లు. అపార్ట్‌మెంటు మొత్తానికి మా పొయ్యి మీదే ఉప్మా, పప్పన్నం. ఆ హడావిడిలో మాత్రలు అయిపోయాయి. షాపులు తెరిచాక కూడా కొనలేదు. ఇంతమందికి వండిపెట్టేదానికి జబ్బేమిటి అనుకున్నాను. నాలుగు రోజులకే కళ్లు తిరగడం, తల పక్కకి తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం. నిద్ర లేకేమో అనుకున్నాను. మీ పెదనాన్న వైపు బంధువొకాయన "ఇంగ్లీషు మందులు అలవాటైపోతాయి" అంటూ అశ్వగంధ లేహ్యం తెచ్చిపెట్టాడు. చక్కగా నాకాను. సంక్రాంతికి గోడవైపు తిరిగి పడుకున్నాను చిట్టీ. భోగి రోజు మా వాకిట్లో ముగ్గు మీ అమ్మే వచ్చి వేసింది.

మళ్లీ వెళ్తే డాక్టర్ తిట్టలేదు. ఈ మాత్రలు వ్యసనం కావుగానీ ఒక్కసారిగా ఆపితే ఒళ్లు ఒప్పుకోదు, తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, మోతాదు మెల్లగా దించాలి అన్నారు. ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగితే లేదన్నాను. లేహ్యం సంగతి చెప్పడానికి ఎందుకో సిగ్గేసింది.

నువ్వలా దాచకు. ఆయుర్వేదమంటే నాకేం కోపం లేదు, మీ తాతయ్య రోజూ సరస్వతి ఆకు నమిలేవారు. కానీ అశ్వగంధ మగతనిస్తుంది, థైరాయిడ్‌నీ కదుపుతుంది. నువ్వు ఆన్‌లైన్లో సెయింట్ జాన్స్ వోర్ట్ తెప్పించావట. మూలికే కదా అనుకున్నావా? డిప్రెషన్ మాత్రలతో కలిస్తే సెరటోనిన్ మితిమీరి ప్రాణం మీదకి రావచ్చు. వెర్రి గుంటా, ఎవర్నడిగి కొన్నావు! ఆ సీసా పట్టుకెళ్లి డాక్టర్ ముందు పెట్టు.

రాత్రిపూట బతకాలని లేదనిపిస్తే ఎంత వేళైనా నన్ను లేపు. నేను ఎత్తకపోతే 14416కి చెయ్యి, టెలిమానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడతారు.

శనివారం నేనూ వస్తాను. లోపలికి వద్దంటే బయట బెంచీ మీద కూర్చుంటాను. తెలిసినవాళ్లెవరైనా ఎదురుపడి ఇక్కడేంటి అని అడిగితే, పేషెంట్‌ని నేనే అంటాలే. అబద్ధం కూడా కాదు.

మీ పెద్దమ్మ