పొటాషియం దగ్గర కాసేపు ఆగు

అమ్మాయీ,

నీ వ్యాసం రాత్రే చదివాను. ఎలక్ట్రాన్ల అమరిక గురించి పదో తరగతి పిల్లలకు తెలుగులో చెప్పాలని నువ్వు పూనుకోవడం నాకెంతో సంతోషం. వాక్యం హాయిగా నడిచింది. ఒక్కచోట మాత్రం గబగబా దాటేశావు. ఆ చోటు గురించే ఈ ఉత్తరం.

మొదటి కర్పరంలో, అంటే కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లుండే మొదటి పొరలో 2, రెండోదాంట్లో 8, మూడోదాంట్లో 18 ఎలక్ట్రాన్లు పడతాయని రాశావు. బాగుంది. ఆ వెంటనే పొటాషియం అమరిక 2, 8, 8, 1 అని రాసి ముందుకెళ్ళిపోయావు. చదివే పిల్లవాడు అక్కడే చిక్కుకుంటాడు. మూడోదాంట్లో ఇంకా 10 ఖాళీలుండగా ఆఖరిది నాలుగోదాంట్లోకి ఎందుకెళ్ళింది?

నేనూ ఇలా దాటేసినవాణ్ణే. చాలా ఏళ్ళ కిందట ఒక బడిలో మాట్లాడుతుంటే ఓ పిల్ల లేచి సరిగ్గా ఇదే అడిగింది. "పై క్లాసుల్లో చెప్తారులే" అన్నాను. ఆ పిల్ల మారుమాట్లాడకుండా కూర్చుని, నోట్సులో రాసుకున్న 9ని కొట్టేసి 8, 1 అని దిద్దుకుంది. ఎందుకో తెలియకుండానే దిద్దుకుంది. పెన్నుతో గట్టిగా కొట్టేసిన ఆ 9 ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

నిజానికి జవాబు పిల్లలకు అందనిదేమీ కాదు. మూడో కర్పరంలో లోపల మూడు భాగాలున్నాయి: ఎస్‌లో 2, పిలో 6, డిలో 10 పడతాయి. పొటాషియానికి ముందున్న, 18 ఎలక్ట్రాన్ల ఆర్గాన్ వచ్చేసరికి ఎస్, పి నిండిపోతాయి, మొత్తం 8. ఇక మిగిలింది డి. కానీ నాలుగో కర్పరంలోని ఎస్ ఎలక్ట్రాన్ కేంద్రకం దగ్గరిదాకా చొచ్చుకు రాగలదు. అందుకే పొటాషియంలో దాని శక్తి డి కన్నా తక్కువ. 19వ ఎలక్ట్రాన్ అక్కడికే వెళ్తుంది. కాల్షియంలో 20వదీ అంతే. డి నిండడం స్కాండియంతో మొదలవుతుంది.

ఇది కూడా మాటగా చెప్పి వదలకు, రుజువు చూపించు. ఆర్గాన్ నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని లాగాలంటే 15.76 ఎలక్ట్రాన్ వోల్టుల (ఇంత చిన్న శక్తులను కొలిచే ప్రమాణం) శక్తి కావాలి. ఆ పక్కనే ఉన్న పొటాషియానికి 4.34 చాలు. అంత సులువుగా ఊడొచ్చిందంటే అది బయట ఒంటరిగా ఉన్నట్టే కదా!

ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ వలయాల్లో ఉన్నట్టు నువ్వు వేసిన బొమ్మ తీసెయ్యమని అనను. 1913లో బోర్ ఇచ్చిన ఆ నమూనాతోనే హైడ్రోజన్ వర్ణపటంలో గీతలు ఎక్కడ పడతాయో లెక్క తేలింది. రెండు ఎలక్ట్రాన్లున్న హీలియం దగ్గరే అది నిలవలేదు. వలయాలు శక్తి మెట్లకు గుర్తులే గానీ ఎలక్ట్రాన్ నడిచే దారులు కావని బొమ్మ కిందే రాసెయ్యి.

సోడియం గురించి రాసేటప్పుడు వంటిల్లు గుర్తు రాలేదా నీకు? చారు పొంగి స్టవ్ మీద పడితే నీలి మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారుతుంది. చారులో వేసిన ఉప్పులోని సోడియం పని అది. వేడికి దాని బయటి ఎలక్ట్రాన్ పై మెట్టెక్కి, దిగేటప్పుడు 589 నానోమీటర్ల దగ్గర వెలుగిస్తుంది. సోడియం అమరిక 2, 8, 1లోని ఆ 1ని పిల్లలు ఇంట్లో చూస్తూనే ఉన్నారన్నమాట.

పొటాషియం పేరా తిరగరాసి ఆదివారంలోగా పంపు. ఆర్గాన్ అంకె, పొటాషియం అంకె పక్కపక్కనే ఉండాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు